మైక్రోఆర్‌ఎన్‌ఏలు, కొవ్వు కణాలు, ఊబకాయం: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో జీవరసాయన శాస్త్రం బోధిస్తున్న నాకు ఈ ప్రశ్నలు రెండు చోట్ల ఎదురవుతుంటాయి. ఒకటి తరగతి గది, రెండోది తెల్లవారుజామున ఆర్‌కే బీచ్ రోడ్డు. 2024లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి మైక్రోఆర్‌ఎన్‌ఏలను కనుగొన్నవారికి దక్కిన తరువాత, నడకలో పరిచయమైన పెద్దలు కూడా వీటి గురించి అడగడం మొదలుపెట్టారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సుమారు 36 శాతం, పురుషుల్లో సుమారు 31 శాతం మంది అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. అందువల్ల ఈ ఆసక్తి సహజమే. ఆ ప్రశ్నలకు నేను చెప్పే సమాధానాలను ఇక్కడ ఒకచోట చేర్చాను.

మైక్రోఆర్‌ఎన్‌ఏ అంటే ఏమిటి?

మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ ఉండే డీఎన్‌ఏ ఒకటే. కాలేయ కణంలో ఉన్న జన్యువులే పొట్ట మీది కొవ్వు కణంలోనూ ఉంటాయి. వాటిలో ఏది ఎక్కడ ఎంత పనిచేస్తుందన్న దాన్నిబట్టే కణాల స్వభావం వేరవుతుంది. జన్యువులోని సమాచారం ముందుగా మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అనే నకలుగా తయారవుతుంది. కణం ఆ నకలును చదివి ప్రొటీన్‌ను తయారు చేస్తుంది. మైక్రోఆర్‌ఎన్‌ఏ ఈ రెండు దశల మధ్య జోక్యం చేసుకుంటుంది. సుమారు 22 న్యూక్లియోటైడ్ల (గొలుసులోని పూసల వంటి భాగాల) పొడవున్న ఈ చిన్న పోగు తాను ప్రొటీన్‌గా మారదు. తనకు సరిపోయే వరుస ఉన్న మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను వెతికి పట్టుకుని, దాన్ని చదవనివ్వకుండా చేస్తుంది లేదా త్వరగా నశింపజేస్తుంది.

ఇది తయారయ్యే తీరు కూడా తెలుసుకోదగినదే. కేంద్రకంలో పొడవాటి పోగుగా పుట్టిన ఆర్‌ఎన్‌ఏ తన మీదకు తానే మడతపడి తలపిన్ను ఆకారంలోకి వస్తుంది. డ్రోషా అనే ఎంజైము దాన్ని సుమారు 70 న్యూక్లియోటైడ్ల ముక్కగా కత్తిరిస్తుంది, ఎక్స్‌పోర్టిన్-5 ఆ ముక్కను కేంద్రకం వెలుపలికి చేరుస్తుంది, అక్కడ డైసర్ అనే మరో ఎంజైము రెండోసారి కత్తిరిస్తుంది. అలా మిగిలిన పోగు ఆర్గొనాట్ అనే ప్రొటీన్‌లో అమరి పనిలోకి దిగుతుంది. గుర్తింపు పని ప్రధానంగా పోగులోని 2వ న్యూక్లియోటైడ్ నుంచి 8వ దాని వరకు ఉన్న చిన్న భాగానిదే. అంత చిన్న భాగం చాలా మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలకు సరిపోతుంది కనుక ఒక్కో మైక్రోఆర్‌ఎన్‌ఏకు వందల లక్ష్యాలు ఉండగలవు. దాని ప్రభావం మాత్రం సాధారణంగా మెత్తనిది. కుళాయిని పూర్తిగా కట్టేయదు, ధారను కొద్దిగా సన్నం చేస్తుంది. ఈ మాటను గుర్తుంచుకుంటే తరువాత వచ్చే చాలా ప్రశ్నలకు జవాబు సులువవుతుంది.

వీటిని ఎవరు, ఎప్పుడు కనుగొన్నారు?

1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ బృందాలు ఒక మిల్లీమీటరు పొడవుండే సీ. ఎలిగాన్స్ అనే పురుగులో లిన్-4 అనే మొదటి మైక్రోఆర్‌ఎన్‌ఏను, అది పనిచేసే విధానాన్ని వెలుగులోకి తెచ్చాయి. అది ఆ పురుగుకే పరిమితమైన వింత అని చాలామంది భావించారు. 2000లో రవ్‌కన్ బృందం లెట్-7 అనే రెండో దాన్ని కనుగొని, అదే వరుస మనుషులతో సహా అనేక జంతువుల్లో ఉందని చూపిన తరువాతే ప్రపంచం దృష్టి వీటివైపు మళ్లింది. ఆ లెట్-7కు కొవ్వు కణాల విషయంలోనూ పాత్ర ఉంది, దాని సంగతి కింద వస్తుంది.

కొవ్వు కణం ఎలా పుడుతుంది?

కొవ్వు పొరల్లో రక్తనాళాల చుట్టూ మీసెంకైమల్ మూలకణాలు అనే కణాలు ఉంటాయి. వాటి ముందు ఎముక, మృదులాస్థి, కొవ్వు వంటి అనేక దారులు తెరిచి ఉంటాయి. కొవ్వు దారిని ఎంచుకున్న కణాన్ని ప్రీఅడిపోసైట్ అంటారు, చూడడానికి అది ఇంకా మామూలు కణంలాగే ఉంటుంది. సరైన సంకేతాలు అందినప్పుడు ముందుగా సీఈబీపీ-బీటా అనే ప్రొటీన్ పెరుగుతుంది, అది పీపీఏఆర్-గామా, సీఈబీపీ-ఆల్ఫా అనే మరో రెండింటిని మేల్కొలుపుతుంది, ఆ రెండూ ఒకదాన్నొకటి ప్రోత్సహించుకుంటూ కొవ్వు కణానికి కావలసిన వందలాది జన్యువులను పనిలోకి దించుతాయి. వీటిలో అసలు యజమాని పీపీఏఆర్-గామా. అది లేకుండా కొవ్వు కణం ఏర్పడదు. మైక్రోఆర్‌ఎన్‌ఏలలో అనేకం దానినో, దానికి ముందు వెనుకల ఉన్న ప్రొటీన్లనో లక్ష్యంగా చేసుకోవడం యాదృచ్ఛికం కాదు.

దీన్ని ప్రయోగశాలలో ఎలా చూస్తారు?

ఎక్కువగా 3టీ3-ఎల్1 అనే ఎలుక కణాలతో చూస్తారు. పళ్లెంలో పెంచిన మొదటి రోజుల్లో ఇవి సన్నగా, రెండు కొసలూ సాగి, ఒకదాని పక్కన ఒకటి ఒరిగి పడుకున్నట్టు ఉంటాయి. పళ్లెం పూర్తిగా నిండాక వాటికి ఇన్సులిన్, డెక్సామెథసోన్, ఐబీఎంఎక్స్ అనే మూడింటి మిశ్రమం ఇస్తాం. నాలుగైదు రోజులకు కణాలు గుండ్రబడతాయి, సూక్ష్మదర్శినిలో వాటి లోపల మెరిసే బిందువులు కనిపిస్తాయి. పదో రోజుకు ఆ బిందువులు పెరిగి, ఒక్కో కణంలో ముత్యాలు గుచ్చినట్టు వరుసగా నిలుస్తాయి. అప్పుడు ఆయిల్ రెడ్ ఓ అనే రంగు పోసి, కాసేపటికి కడిగితే కొవ్వు ఉన్నచోట మాత్రమే ఎరుపు మిగులుతుంది. మైక్రోఆర్‌ఎన్‌ఏను కృత్రిమంగా పెంచిన పళ్లేన్ని, అణచిన పళ్లేన్ని పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకటి నిండుగా ఎర్రబడి, మరొకటి పాలిపోయి కనిపిస్తుంది. మొదటిసారి చూసే విద్యార్థుల ముఖాల్లో కనిపించే ఆశ్చర్యం నాకు ఇన్నేళ్లయినా పాతబడలేదు.

ఆ మిశ్రమంలోని డెక్సామెథసోన్ ఒక స్టెరాయిడ్ అని గమనించండి. ఉబ్బసానికో కీళ్ల నొప్పులకో స్టెరాయిడ్ మాత్రలను దీర్ఘకాలం వాడినవారికి ముఖం, పొట్ట దగ్గర కొవ్వు చేరడానికి ఉన్న కారణాలలో ఒకటి ఈ పళ్లెంలోనే కనిపిస్తుంది.

ఏ మైక్రోఆర్‌ఎన్‌ఏ ఏ పని చేస్తుంది?

కొవ్వు కణం తయారీకి తోడ్పడేవి కొన్ని, అడ్డుకునేవి కొన్ని. తోడ్పడే వాటిలో మొదట గుర్తించినది మిర్-143 (పేర్లలోని 'మిర్' మైక్రోఆర్‌ఎన్‌ఏకు పొట్టి రూపం). మనుషుల ప్రీఅడిపోసైట్లు కొవ్వు కణాలుగా మారేటప్పుడు దాని మోతాదు పెరుగుతుందని, దాన్ని అణచివేస్తే ఆ మార్పు కుంటుపడుతుందని 2004లో తేలింది. ఈఆర్‌కే5 అనే ప్రొటీన్‌ను తగ్గించడం ద్వారా అది పనిచేస్తుందని ఆ పరిశోధన సూచించింది. మిర్-17-92 అనే సముదాయం ఆర్‌బీ2 అనే ప్రొటీన్ పట్టును సడలించి, ప్రీఅడిపోసైట్లు మార్పుకు ముందు జరపవలసిన విభజనకు దారి ఇస్తుంది.

అడ్డుకునే వాటిలో మిర్-27, మిర్-130 నేరుగా పీపీఏఆర్-గామా మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏనే పట్టుకుంటాయి. మామూలుగా కణం మార్పు మొదలుపెట్టగానే మిర్-27 తగ్గుతుంది. తగ్గనివ్వకుండా కృత్రిమంగా ఎక్కువ మోతాదులో ఉంచితే పీపీఏఆర్-గామా తలెత్తదు, కణంలో కొవ్వు నిండదు. పైన చెప్పిన లెట్-7, హెచ్ఎంజీఏ2 అనే ప్రొటీన్‌ను అదుపు చేసి ప్రీఅడిపోసైట్ల విభజనకు కళ్లెం వేస్తుంది.

ఇలా రెండు జాబితాలుగా రాస్తే అంతా తేటగా ఉన్నట్టు కనిపిస్తుంది కానీ జంతువులో పరిస్థితి ఇంత తేట కాదు. ఊబకాయం ఉన్న ఎలుకల కొవ్వు కణజాలంలో మిర్-27 పెరిగిందని ఒక పరిశోధన చెబితే, అలాంటి ఎలుకల నుంచి వేరుచేసిన పరిణత కొవ్వు కణాల్లో అదే కుటుంబంలోని మిర్-27ఏ తగ్గిందని మరొకటి చెప్పింది. రెండూ తప్పు కానక్కరలేదు. కొవ్వు కణజాలం అంటే కొవ్వు కణాలు మాత్రమే కాదు, అందులో రక్తనాళాలు, ప్రీఅడిపోసైట్లు, రోగనిరోధక కణాలు కలిసి ఉంటాయి. మొత్తాన్ని రుబ్బి కొలిచినప్పటి లెక్క వేరు, ఒక రకం కణాలను విడదీసి కొలిచినప్పటి లెక్క వేరు. వార్తల్లో "ఊబకాయానికి కారణమైన మైక్రోఆర్‌ఎన్‌ఏ దొరికింది" అన్న శీర్షిక చూసినప్పుడల్లా, దేనిలో కొలిచారు అని ముందుగా అడగమని నా విద్యార్థులకు చెబుతాను.

కొవ్వు కణాలు పుట్టకుండా మిర్-27 వంటి వాటిని పెంచితే ఊబకాయం పోతుంది కదా?

అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. అందరికీ సహజంగా తోచే తప్పు కూడా ఇదే కనుక దీని మీద కొంచెం సేపు నిలవాలి.

కొవ్వు కణం ఒక గాదె వంటిది. తిన్నదానిలో మిగిలిన శక్తిని భద్రంగా దాచి, అవసరమైనప్పుడు తిరిగి ఇవ్వడం దాని పని. తిండి తగ్గకుండా గాదెల సంఖ్యను మాత్రం తగ్గిస్తే ధాన్యం మాయమైపోదు, అది వాకిట్లోనూ వంటింట్లోనూ పోగుపడుతుంది. శరీరంలో ఆ వాకిలి కాలేయం, కండరం. లైపోడిస్ట్రోఫీ అనే అరుదైన వ్యాధి తీవ్రంగా ఉన్నవారిలో కొవ్వు కణజాలం దాదాపుగా ఉండదు. చూడడానికి సన్నగా, కండలు తేలి ఉంటారు కానీ వారి కాలేయం కొవ్వుతో నిండిపోతుంది, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు విపరీతంగా పెరుగుతాయి, ఇన్సులిన్‌కు లొంగని మధుమేహం వస్తుంది. అంటే కొవ్వు కణాలు మరీ ఎక్కువైనప్పుడు వచ్చే జబ్బులే అవి అసలు లేకపోయినా వస్తాయి.

మైక్రోఆర్‌ఎన్‌ఏల వైపు నుంచి కూడా ఇదే సంగతి తేలింది. ఎలుకల కొవ్వు కణాల్లో మాత్రమే డైసర్ జన్యువును తొలగిస్తే ఆ కణాల్లో మైక్రోఆర్‌ఎన్‌ఏల తయారీ దెబ్బతింటుంది. అప్పుడు ఆ ఎలుకలు ఆరోగ్యంగా సన్నబడవు. వాటిలో శక్తిని దాచే తెల్ల కొవ్వు తరిగిపోయి, లైపోడిస్ట్రోఫీ లక్షణాలు, ఇన్సులిన్ నిరోధకత (ఇన్సులిన్‌కు శరీరం సరిగా స్పందించకపోవడం) కనిపించాయి.

మన ఇళ్లలో చాలామందికి పరిచయమున్న పయోగ్లిటజోన్ మాత్ర దీనికి తిరుగులేని సాక్ష్యం. అది పీపీఏఆర్-గామాను ప్రేరేపిస్తుంది, అంటే మిర్-27 చేసే పనికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది. దాన్ని వాడేవారిలో చర్మం కింది కొవ్వు పెరుగుతుంది, బరువు కూడా కొంత పెరుగుతుంది. అయినా షుగర్ అదుపులోకి వస్తుంది, కాలేయంలోని కొవ్వు తగ్గుతుంది. కొత్త చిన్న కొవ్వు కణాలు పుట్టి, దారితప్పిన కొవ్వును తమలోకి తీసుకోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం. ఊబకాయంలో నిజంగా హాని చేసేది కొవ్వు కణం పుట్టుక కాదు. ఉన్న కణాలు మితిమీరి ఉబ్బి, ఆక్సిజన్ చాలక, వాటి చుట్టూ రోగనిరోధక కణాలు చేరి వాపు రేపడం, ఆపైన కొవ్వు పక్క అవయవాల్లోకి పొంగడం, ఇవే అసలు హాని. కనుక మైక్రోఆర్‌ఎన్‌ఏల విషయంలో అడగవలసిన ప్రశ్న కొవ్వు కణాలను ఎలా ఆపాలన్నది కాదు, అవి ఎక్కడ, ఎంత ఆరోగ్యంగా పెరుగుతున్నాయన్నది.

నేను లావుగా లేను, అయినా షుగర్ ఎందుకు వచ్చింది?

పై జవాబుకు ఇది కొనసాగింపు. పుణెకు చెందిన వైద్య పరిశోధకుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి కొలతలనే లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తును బట్టి బరువును అంచనా వేసే సూచీ) 22.3. యుడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం కాగా, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం ఉంది. మన దేశంలో పుట్టే శిశువుల్లోనే బరువు తక్కువగా, ఆ బరువులో కొవ్వు పాలు ఎక్కువగా ఉండే ధోరణిని యాజ్ఞిక్ బృందం చూపింది. అందుకే బీఎంఐ 23 దాటితే చాలు అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా మన దేశంలో పరిగణిస్తారు.

లంబసింగి చలికి వెళ్తే గోధుమరంగు కొవ్వు పెరిగి సన్నబడతామా?

శీతాకాలంలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. తెల్ల కొవ్వు శక్తిని దాస్తే, గోధుమరంగు కొవ్వు శక్తిని మండించి వేడిగా మారుస్తుంది. ఎలుకలను చలిలో ఉంచినప్పుడు మిర్-133 తగ్గుతుంది. అది తగ్గడంతో పీఆర్‌డీఎం16 అనే ప్రొటీన్ పెరిగి, కణాలు గోధుమరంగు కొవ్వు దారి పడతాయి. మిర్-155 కూడా ఆ దారికి అడ్డే. మిర్-196ఏ మాత్రం తెల్ల కొవ్వులో గోధుమరంగు లక్షణాలను పెంచుతుంది. అయితే ఆ ప్రయోగాల్లో ఎలుకలు రోజుల తరబడి చలిలో గడిపాయి. ఒక శనివారం రాత్రి స్వెటర్ వేసుకుని మంచు చూసి రావడం దానితో సమానం కాదు. పైగా పెద్దవారిలో గోధుమరంగు కొవ్వు మెడ, వెన్నెముక పరిసరాల్లో కొద్దిగానే ఉంటుంది.

కొవ్వు కణంలోని మైక్రోఆర్‌ఎన్‌ఏ వేరే అవయవాలకు చేరుతుందా?

చేరుతుంది. కణాలు ఎక్సోజోములు అనే సూక్ష్మమైన బుడగలను రక్తంలోకి వదులుతాయి, వాటిలో మైక్రోఆర్‌ఎన్‌ఏలు ఉంటాయి. 2017లో బోస్టన్‌లోని జోస్లిన్ మధుమేహ కేంద్రం పరిశోధకులు కొవ్వు కణాల్లో డైసర్ లేని ఎలుకల రక్తంలో ఎక్సోజోమ్ మైక్రోఆర్‌ఎన్‌ఏలు బాగా తగ్గాయని చూపారు. ఆరోగ్యమైన ఎలుకల గోధుమరంగు కొవ్వును వాటికి అమర్చినప్పుడు ఆ లోటు కొంతవరకు పూడడమే కాక, కాలేయంలోని ఎఫ్‌జీఎఫ్21 అనే జన్యువు పనితీరు కూడా మారింది. అదే ఏడాది మరో బృందం, ఊబకాయ ఎలుకల కొవ్వులో చేరిన మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు వదిలే ఎక్సోజోములను సన్నని ఎలుకలకు ఎక్కిస్తే వాటికి ఇన్సులిన్ నిరోధకత వచ్చిందని చూపింది. ఆ బుడగల్లోని మిర్-155కు అందులో పాత్ర ఉంది. అంటే కొవ్వు పొర నోరులేని సంచి కాదు, కాలేయంతోనూ కండరంతోనూ నిత్యం మాట్లాడుతూనే ఉంటుంది.

బరువు తగ్గితే కొవ్వు కణాల సంఖ్య తగ్గుతుందా?

పెద్దగా తగ్గదు, వాటి పరిమాణం తగ్గుతుంది. ఈ విషయం తేల్చిన తీరు విచిత్రమైనది. 1950ల నుంచి 1963 వరకు భూమి ఉపరితలం మీద జరిపిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ పెరిగి, తరువాత క్రమంగా తగ్గింది. కణం పుట్టినప్పటి గాలిలోని మోతాదే దాని డీఎన్‌ఏలో ముద్రపడి ఉంటుంది. స్వీడన్ పరిశోధకులు 2008లో ఆ ముద్రను చదివి, పెద్దవారిలో ఏటా సుమారు 10 శాతం కొవ్వు కణాలు చనిపోయి అంతే సంఖ్యలో కొత్తవి పుడతాయని, మొత్తం సంఖ్య బాల్యంలో, కౌమారంలో స్థిరపడుతుందని, బరువు తగ్గించే శస్త్రచికిత్స తరువాత కూడా అది నిలకడగానే ఉంటుందని చెప్పారు. ఏటా పదో వంతు కొత్తవి పుడుతున్నాయంటే మైక్రోఆర్‌ఎన్‌ఏల పని బాల్యంతో ముగియదని అర్థం.

అన్నంలోని మైక్రోఆర్‌ఎన్‌ఏ మన రక్తంలోకి చేరుతుందంటున్నారు, నిజమేనా?

2012లో చైనాలోని నాన్‌జింగ్ విశ్వవిద్యాలయం బృందం వరిలో ఉండే మిర్-168ఏ మనుషుల రక్తంలో కనిపించిందని, ఎలుకల కాలేయంలో ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్‌ను తొలగించే యంత్రాంగాన్ని అది దెబ్బతీసిందని ప్రకటించింది. ఆ వార్త అన్నం తినే మనబోటి వారిని కలవరపెట్టింది. తరువాత ఇతర బృందాలు ప్రయత్నించినా ఆ ఫలితం తిరిగి రాలేదు. ఎలుకలకు వరి తప్ప మరొకటి పెట్టకపోవడంతో వచ్చిన పోషక లోపమే కొలెస్ట్రాల్ మార్పుకు కారణమై ఉండవచ్చని కూడా వారు చూపారు. అన్నం విషయంలో ఆలోచించవలసింది పళ్లెంలోని పరిమాణం, పక్కన ఉన్న పప్పు, కూరల పాలు. అందులోని మైక్రోఆర్‌ఎన్‌ఏ కాదు.

మైక్రోఆర్‌ఎన్‌ఏల రక్తపరీక్షతో ఊబకాయం వచ్చే అవకాశం చెప్పగలరా?

ప్రస్తుతానికి చెప్పలేరు, అలాంటి పరీక్షకు డబ్బు పెట్టవద్దు. కారణం చాలా మామూలు విషయంలో ఉంది. ఎర్ర రక్తకణాల నిండా మిర్-451, మిర్-16 ఉంటాయి. సూదితో రక్తం తీసేటప్పుడు గట్టిగా లాగినా, గొట్టాన్ని విసురుగా ఊపినా కొన్ని కణాలు చిట్లి, అవి సీరంలో (రక్తకణాలు తీసేశాక మిగిలే ద్రవంలో) కలిసి లెక్కను తారుమారు చేస్తాయి. మామూలుగా లేత గడ్డిపోచ రంగులో ఉండవలసిన సీరం లేత గులాబీ రంగుకు తిరుగుతుంది. ఒకసారి నా విద్యార్థిని ఒకామె ఎంతో శ్రమించి సేకరించిన నమూనాల్లో గొప్ప తేడా వచ్చిందని సంబరపడుతూ వచ్చింది. గొట్టాలను కిటికీ వెలుగులో పట్టి చూస్తే ఒక వరుస మొత్తం గులాబీగా ఉంది. ఆ తేడా ఊబకాయానిది కాదు, రక్తం తీసిన చేతిది. ఆమె మళ్లీ మొదటి నుంచి సేకరించింది.

మందు ఎప్పుడు వస్తుంది?

ఊబకాయానికి ఆమోదం పొందిన మైక్రోఆర్‌ఎన్‌ఏ మందు ఏదీ లేదు. ఇప్పుడు అందరూ మాట్లాడుకుంటున్న సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు హార్మోన్ల దారిలో ఆకలిని తగ్గిస్తాయి, వాటికి మైక్రోఆర్‌ఎన్‌ఏలతో సంబంధం లేదు. మైక్రోఆర్‌ఎన్‌ఏ మందులకు ఉన్న ఇబ్బందులు రెండు. రక్తంలోకి ఎక్కించిన ఆర్‌ఎన్‌ఏ ఎక్కువగా కాలేయానికే పోతుంది, కొవ్వు కణాలకు చేర్చడం కష్టం. రెండోది, వందల లక్ష్యాలున్న పోగును పెంచితే ఏది ఎక్కడ కదులుతుందో ముందుగా తెలియదు. మిర్-34ను అనుకరించే ఒక క్యాన్సర్ మందు ప్రయోగాన్ని తీవ్రమైన రోగనిరోధక ప్రతిచర్యల వల్ల 2016లో ఆపేయవలసి వచ్చింది.

ఈలోగా నేను ఏం కొలిపించుకోవాలి?

నడుము చుట్టుకొలత, పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష), ట్రైగ్లిజరైడ్లు, వైద్యులు అవసరమనుకుంటే కాలేయానికి అల్ట్రాసౌండ్. కొవ్వు గాదె దాటి పొంగుతోందా అన్నది వీటిలోనే తెలుస్తుంది. నడుము మన పురుషుల్లో 90 సెంటీమీటర్లు, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటకూడదు. చాలామంది ప్యాంటు బెల్టు దగ్గరో, చీర కుచ్చిళ్లు దోపే చోటనో కొలుచుకుని తక్కువ లెక్క వేసుకుంటారు. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు సరిగ్గా నడిమధ్యన, టేపు చర్మాన్ని నొక్కకుండా, మామూలుగా ఊపిరి వదిలిన క్షణంలో కొలవాలి.